బీటిల్స్ 'లెట్ ఇట్ బీ': ఇన్ని రూపాల్లో ఏది మేలు?

బీటిల్స్‌ను కొత్తగా వినడం మొదలుపెట్టినవాళ్ళు స్ట్రీమింగ్ యాప్‌లో 'లెట్ ఇట్ బీ' అని వెతికితే ఒకటికి నాలుగు కనిపిస్తాయి. 1970లో అమెరికన్ ప్రొడ్యూసర్ ఫిల్ స్పెక్టర్ చేతిమీదుగా వచ్చిన ఆల్బమ్ ఒకటి. 2003లో వచ్చిన 'లెట్ ఇట్ బీ... నేకెడ్' ఇంకొకటి. 2021లో వచ్చిన కొత్త మిక్స్ మూడోది. ఆ 2021 పెద్ద సెట్ లోపలే, రికార్డింగ్ ఇంజనీర్ గ్లిన్ జాన్స్ 1969లో కూర్చిన 'గెట్ బ్యాక్' నాలుగోది. పాటలు ఇంచుమించు అవే, టేపులు కూడా చాలావరకు అవే. అయినా వింటుంటే ఒక్కొక్కటీ వేరే ఆల్బమ్‌లాగే ఉంటుంది.

ఏది వినాలని అడిగితే చాలామంది తడుముకోకుండా 'నేకెడ్' అంటారు. స్పెక్టర్ అంటించిన హంగులన్నీ తీసేశారు కాబట్టి అదే అసలు బీటిల్స్ అని వాళ్ళ వాదన. నేను ఒప్పుకోను. నిజాయితీ పేరు చెప్పుకుని వచ్చిన ఆ ఆల్బమే, జరిగిన సంగతిని అన్నిటికంటే తక్కువ చెప్తుంది. అందులో రెండు మూడు పాటలు మాత్రం ఎవరూ వదులుకోకూడనివి.

ముందు అసలు ఏం జరిగిందో కొంచెం చూడాలి. 1969 జనవరి 2న బీటిల్స్ నలుగురూ, అంటే జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ, జార్జ్ హారిసన్, రింగో స్టార్, లండన్‌లోని ట్వికెన్‌హామ్ ఫిల్మ్ స్టూడియోలో కూర్చున్నారు. స్టూడియో మాయలు వద్దు, ఒకదాని మీద ఒకటి పేర్చే ఓవర్‌డబ్‌లు వద్దు, నలుగురూ కలిసి వాయించింది వాయించినట్టు రికార్డు చేయాలి అన్నది అనుకున్న మాట. కెమెరాలు ఎదురుగా పెట్టుకుని, సినిమావాళ్ళ టైమింగ్స్‌లో, చలి పట్టిన పెద్ద షెడ్డులాంటి ఫ్లోర్‌లో పాటలు కట్టమంటే ఎవరికైనా కష్టమే. 10న జార్జ్ హారిసన్ బ్యాండు వదిలేసి వెళ్ళిపోయాడు. మాట్లాడుకుని, సర్దిచెప్పుకుని, నెల మూడో వారంలో లండన్‌లోనే సావిల్ రో వీధిలో ఉన్న తమ సొంత కంపెనీ యాపిల్ ఆఫీసు బేస్‌మెంట్‌కు మారారు. అక్కడ కట్టించుకున్న కొత్త స్టూడియో పనికిరాకపోవడంతో తమ రికార్డు కంపెనీ ఈఎంఐ నుంచి పరికరాలు అరువు తెచ్చుకున్నారు. 22న అమెరికన్ సంగీతకారుడు బిల్లీ ప్రెస్టన్ కీబోర్డు దగ్గర కూర్చున్నాక గదిలో వాతావరణమే మారిపోయింది. బయటి మనిషి ముందు నలుగురూ బుద్ధిగా మెలిగారని హారిసనే తర్వాత చెప్పాడు. 30న అదే బిల్డింగ్ డాబా మీద నలభై నిమిషాలకు పైగా వాయించారు. గాలి హోరు పడకుండా మైకులకు ఆడవాళ్ళ స్టాకింగ్స్ తొడిగారు. పోలీసులు పైకి వచ్చారు. ఆ మర్నాడు కింద బేస్‌మెంట్‌లో పియానో పాటలు పూర్తి చేశారు. అక్కడితో సరి.

గంటల కొద్దీ టేపులు మిగిలాయి. వాటిని వినే ఓపిక నలుగురిలో ఎవరికీ లేకపోయింది. "నువ్వే ఏదో ఒకటి చెయ్యి" అన్నట్టు ఇంజనీర్ గ్లిన్ జాన్స్ చేతిలో పెట్టారు.

జాన్స్ చేసిన పని నాకు చాలా ఇష్టం. అది అందంగా ఉందని మాత్రం కాదు. సరిగ్గా రాని టేకులను, పాట మధ్యలో ఆగిపోవడాన్ని, కబుర్లను, సరదాగా ఎత్తుకున్న పాత పాటల ముక్కలను అన్నిటినీ అలాగే ఉంచాడు. అతని 'ఐవ్ గాట్ ఎ ఫీలింగ్' చివరిదాకా పోదు, మధ్యలోనే కూలిపోతుంది. డాబా మీద అద్భుతంగా వచ్చిన టేకు చేతిలో ఉండగా ఈ కూలిపోయినదాన్ని ఎందుకు పెట్టాడా అని మొదటిసారి విన్నవాళ్ళకు విసుగు రావడం సహజం. కానీ "వాయించింది వాయించినట్టు" అన్న మాటకు కట్టుబడింది అతనొక్కడే. దానికి కవర్ ఫొటో కూడా సిద్ధమైంది. తమ మొదటి ఆల్బమ్ కవర్‌లో నిలబడినట్టే, అదే ఈఎంఐ ఆఫీసు మెట్ల దగ్గర, అదే ఫొటోగ్రాఫర్‌తో దిగారు. బ్యాండు మాత్రం ఆల్బమ్‌ను ఒద్దంది. 1970 జనవరిలో జాన్స్ మళ్ళీ మార్చి కూర్చితే అదీ ఒద్దంది. ఈ లోపల వాళ్ళు 'అబ్బీ రోడ్' పేరుతో ఇంకో ఆల్బమ్ చేసేసి, 1969 సెప్టెంబరులోనే విడుదల చేసేశారు కూడా. అందుకే ముందు రికార్డైన 'లెట్ ఇట్ బీ' చివరి ఆల్బమ్‌గా బయటికి వచ్చింది.

1970 మార్చిలో టేపులు స్పెక్టర్ దగ్గరికి చేరాయి. ఏప్రిల్ 1న అతను అబ్బీ రోడ్ స్టూడియోలో పెద్ద ఆర్కెస్ట్రాను కూర్చోబెట్టాడు. పద్దెనిమిది వయొలిన్లు, వయోలాలు, చెల్లోలు, హార్ప్, ట్రంపెట్లు, ట్రాంబోన్లు, పద్నాలుగు మంది ఆడవాళ్ళ కోరస్. నలుగురు బీటిల్స్‌లో ఆ రోజు అక్కడున్నది రింగో ఒక్కడే. తన పాట 'ద లాంగ్ అండ్ వైండింగ్ రోడ్' ఇలా మారిందని పాల్ మెకార్ట్నీకి తర్వాత తెలిసింది. వయొలిన్లు, బాకాలు, కోరస్ తగ్గించండి, చివర్లో హార్ప్ తీసేయండి, ఇంకెప్పుడూ ఇలా చేయకండి అని మేనేజర్ అలెన్ క్లెయిన్‌కు ఉత్తరం రాశాడు. ఏమీ మారలేదు. బ్యాండు భాగస్వామ్యాన్ని రద్దు చేయాలని కోర్టుకెక్కినప్పుడు ఈ పాట సంగతి కూడా ఒక కారణంగా చూపించాడు.

స్పెక్టర్ మీద కోపం ఉన్నవాళ్ళంతా మరిచిపోయే విషయం ఒకటుంది. 1970 ఆల్బమ్‌లో పన్నెండు ట్రాకులుంటే ఆ రోజు ఆర్కెస్ట్రా పెట్టింది మూడింటికే: 'ద లాంగ్ అండ్ వైండింగ్ రోడ్', 'అక్రాస్ ద యూనివర్స్', 'ఐ మీ మైన్'. మిగతావి దాదాపు ఉన్నవి ఉన్నట్టే. 'టూ ఆఫ్ అజ్'లో రెండు గొంతులు, రెండు గిటార్లు ఎంత దగ్గరగా వినిపిస్తాయో చూడండి. 'డిగ్ ఎ పోనీ', 'ఐవ్ గాట్ ఎ ఫీలింగ్', 'వన్ ఆఫ్టర్ 909' డాబా మీదివే. 'ఐవ్ గాట్ ఎ ఫీలింగ్'కు జాన్స్ వదిలేసిన మంచి టేకును ఎంచుకున్నది స్పెక్టరే. పాటల మధ్య కబుర్లు కూడా అక్కడక్కడా ఉంచాడు. ఎవరూ ముట్టుకోవడానికి ఇష్టపడని టేపులను వినదగ్గ ఆల్బమ్‌గా చేశాడని జాన్ లెనన్ అతన్ని వెనకేసుకొచ్చాడు. ఆ మాటలో నిజం ఉంది.

స్పెక్టర్ అతికింపులూ తక్కువేం కాదు. ఆల్బమ్ చివర 'గెట్ బ్యాక్' పాట అయిపోగానే లెనన్ డాబా మీద జనానికి థ్యాంక్స్ చెప్పే మాటలు వినిపిస్తాయి. పాట కూడా డాబా మీదే పాడారని మనం అనుకుంటాం. అది మూడు రోజుల ముందు బేస్‌మెంట్‌లో చేసిన టేకు. 'ఐ మీ మైన్' ఒకటిన్నర నిమిషం పాట. దాంట్లో ఒక భాగాన్ని రెండోసారి అతికించి రెండున్నర నిమిషాల దాకా సాగదీశాడు. అహంకారం, మమకారం గురించి హారిసన్ రాసిన ఈ చిన్న పాటను 1970 జనవరి 3న పాల్, జార్జ్, రింగో ముగ్గురే రికార్డు చేశారు. లెనన్ అప్పుడు ఊళ్ళోనే లేడు.

ఇక అసలు గొడవంతా ఉన్న 'ద లాంగ్ అండ్ వైండింగ్ రోడ్' దగ్గరికి వద్దాం. వయొలిన్ల జోరు మన చెవులకు కొత్త కాదు. ఇళయరాజా పాటలు వింటూ పెరిగినవాళ్ళం. కాబట్టి ఆర్కెస్ట్రా ఉండటమే తప్పు అని నేననను. ఇళయరాజా పాటలో గాయకుడు ఆగినచోట వయొలిన్లు అందుకుంటాయి, గొంతు మొదలవగానే పక్కకు తప్పుకుంటాయి. ఇక్కడ అలా తప్పుకోవు. పాల్ ఒక మాటను మెల్లగా వదిలే లోపలే కోరస్ వచ్చి దాని మీద కూర్చుంటుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అడుగున బేస్ గిటార్ మీద చెవి పెట్టండి. బేస్ వాయించింది లెనన్, అది అతనికి అలవాటున్న వాయిద్యం కాదు. చాలాచోట్ల స్వరం తప్పాడు. ఆ తప్పులు దాచడానికి కూడా ఆర్కెస్ట్రా పనికొచ్చిందనేవాళ్ళున్నారు. సగమే దాగాయి. వయొలిన్లు పలచబడిన చోట్ల ఇప్పటికీ స్పష్టంగా వినిపిస్తాయి. ఇంతా అయి, ఈ రూపమే అమెరికాలో నంబర్ వన్ అయింది. అక్కడ బీటిల్స్‌కు అదే చివరి నంబర్ వన్.

'నేకెడ్'లో ఇదే పాట వినండి. స్పెక్టర్ వాడింది జనవరి 26 టేకు, 'నేకెడ్'లో ఉన్నది జనవరి 31 టేకు. ఆర్కెస్ట్రా తీసేయడం ఒక్కటే కాదు, పాడిన తీరే వేరు. పాల్ గొంతు నిలకడగా ఉంటుంది, లెనన్ బేస్ కూడా చాలా నయం, ప్రెస్టన్ వేళ్ళు ఎక్కడ ఎక్కడ కదిలాయో తెలుస్తుంది. నా మటుకు ఈ పాట ఇదే. 'అక్రాస్ ద యూనివర్స్' కూడా అంతే. 1968 ఫిబ్రవరిలో, రిషికేశ్ ప్రయాణానికి ముందు రికార్డు చేసిన పాట అది. స్పెక్టర్ దాన్ని వేగం తగ్గించి, మీద వయొలిన్లు, కోరస్ పరిచాడు. 'నేకెడ్'లో అసలు వేగంలో లెనన్ గొంతు, గిటార్, వెనక హారిసన్ తంబురా శ్రుతి. "జై గురుదేవ" అన్న మాటలు మనకు పరాయివి కావు కాబట్టి, ఆ తంబురా మీద అవి వస్తుంటే మనకు ఇంకొంచెం ఎక్కువే అందుతుంది. దీనికి తోడు 1970 ఆల్బమ్ నుంచి తప్పించిన 'డోంట్ లెట్ మీ డౌన్' కూడా 'నేకెడ్'లో ఉంది. ఆ నెలలో లెనన్ తెచ్చిన అతి గొప్ప పాటను, విడిగా అమ్మిన సింగిల్ రికార్డు వెనకవైపు ఇచ్చాం కదా అని ఆల్బమ్‌లో పెట్టకపోవడం అన్యాయం.

మరి 'నేకెడ్' మీద నాకున్న పేచీ ఏమిటి? అది హంగులు తీసేసిన టేపు కాదు, 2003 నాటి కంప్యూటర్‌లో శుభ్రం చేసిన టేపు. 'డోంట్ లెట్ మీ డౌన్', 'ఐవ్ గాట్ ఎ ఫీలింగ్' రెండూ డాబా మీద రెండేసి సార్లు పాడినవాటిని కలిపి ఒక్కటి చేసినవి. తప్పు స్వరాలు దిద్దారు. 'ఐ మీ మైన్'లో వయొలిన్లు తీశారు గానీ స్పెక్టర్ సాగదీసిన కొలతను మాత్రం అలాగే ఉంచుకున్నారు. కబుర్లన్నీ ఏరేశారు, 'డిగ్ ఇట్', 'మ్యాగీ మే' తీసేశారు. కబుర్లలో కొన్నిటిని విడిగా ఇంకో డిస్క్‌లో ఇచ్చారు. ఆల్బమ్‌లో పాట తర్వాత పాట, మధ్యలో నిశ్శబ్దం. అలసట, చిరాకు, ఉన్నట్టుండి పుట్టుకొచ్చే నవ్వు, ఒకరినొకరు వెక్కిరించుకోవడం, ఇవన్నీ కలిస్తేనే ఆ జనవరి. వాటిని తీసేసి మిగిలినదాన్ని నగ్నసత్యం అనమంటే ఎలా?

1970లో వచ్చిన స్పందన కూడా ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే స్పెక్టర్ ఆల్బమ్‌కు చెడ్డ పేరు పుట్టింది అక్కడే. మే 8న బ్రిటన్‌లో విడుదలయ్యే సరికి పాల్ బ్యాండు వదిలేసిన వార్త వచ్చి నెల కావస్తోంది. పైగా ఫొటోల పుస్తకంతో కలిపి పెట్టెలో పెట్టి మామూలు ఎల్పీ కంటే ఎక్కువ ధరకు అమ్మారు. ఎన్ఎంఈ పత్రిక విమర్శకుడు అలన్ స్మిత్ దాన్ని అట్టముక్కతో చేసిన సమాధిరాయి అన్నాడు. ఆ కోపంలో ఆల్బమ్ మీదిది ఎంత, బ్యాండు విడిపోయినందుకు ఎంత అని ఇప్పుడు వేరుచేసి చూడటం కష్టం. జనం మాత్రం కొన్నారు, అటు బ్రిటన్‌లో ఇటు అమెరికాలో మొదటి స్థానానికి వెళ్ళింది. ఆ జనవరిలో కెమెరాలకు చిక్కినదాంతో వచ్చిన 'లెట్ ఇట్ బీ' సినిమా పాటలకు ఆస్కార్ కూడా వచ్చింది. తీసుకోవడానికి నలుగురిలో ఎవరూ వెళ్ళలేదు, క్విన్సీ జోన్స్ అందుకున్నాడు.

2021 మిక్స్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. బీటిల్స్ ప్రొడ్యూసర్ జార్జ్ మార్టిన్ కొడుకు జైల్స్ మార్టిన్ స్పెక్టర్ ఆల్బమ్‌నే తిరిగి మిక్స్ చేశాడు. ఆర్కెస్ట్రా ఉంది, కానీ గొంతు, డ్రమ్స్ ముందుకు వచ్చాయి. మంచి స్పీకర్లు ఉంటే 1970 దానికి బదులు ఇదే పెట్టుకోండి.

ఒక్కటే వినే టైమ్ ఉంటే నేను చెప్పేది 1970 ఆల్బమే, 2021 మిక్స్‌లో. అందులో 'ద లాంగ్ అండ్ వైండింగ్ రోడ్', 'అక్రాస్ ద యూనివర్స్' తీసేసి వాటి చోట 'నేకెడ్' రూపాలు, 'డిగ్ ఎ పోనీ' తర్వాత 'డోంట్ లెట్ మీ డౌన్' పెట్టి ప్లేలిస్ట్ చేసుకోండి. పాల్ మెకార్ట్నీ పాటలంటేనే ప్రాణం అయితే నేరుగా 'నేకెడ్' తీసుకున్నా తప్పులేదు. పీటర్ జాక్సన్ తీసిన దాదాపు ఎనిమిది గంటల 'గెట్ బ్యాక్' డాక్యుమెంటరీ చూసి, ఆ గదిలో ఇంకాసేపు ఉండాలనిపించినవాళ్ళకు మాత్రం గ్లిన్ జాన్స్‌దే.

టైటిల్ పాటకు నేను పేరు పెట్టి ఏదీ చెప్పలేదు, ఎందుకంటే అది మీరే తేల్చుకోవాలి. సింగిల్‌లో, 1970 ఆల్బమ్‌లో, 'నేకెడ్'లో హారిసన్ గిటార్ సోలో మూడు చోట్లా వేరు వేరు. సింగిల్‌లో మెత్తగా, తిరుగుతున్న లెస్లీ స్పీకర్ లోంచి వస్తుంది. 'నేకెడ్'లో తలవంచుకుని పాటలోనే కలిసిపోతుంది. ఆల్బమ్‌లోది కరుగ్గా, గట్టిగా దూసుకొస్తుంది. స్పెక్టర్ ఆ మూడోదాన్నే పైకి తెచ్చి పెట్టాడు, ఆ ఒక్క ఎంపికకు నేను అతనికే ఓటేస్తాను.