రోజెట్, జెజూ, లాకోన్: ఎండు సాసేజ్ కోసం ఫ్రాన్స్‌లో తిరిగిన ఊళ్ళు

సోసిసోన్ సెక్ అంటే ఉడికించకుండా, ఉప్పు పట్టించి ఆరబెట్టిన పంది మాంసపు సాసేజ్. మన వరుగులు ఎండలో ఎండితే ఇది చల్లటి చీకటి గదిలో వారాల తరబడి ఆరుతుంది. పైన కనిపించే తెల్లటి పొడి మంచి బూజే, పాడైందని భయపడక్కర్లేదు.

మొదట లియాన్. పార్‌దియూ స్టేషన్ దగ్గర 1971లో కట్టిన పెద్ద మార్కెట్‌కు ఇప్పుడు చెఫ్ పాల్ బోకూస్ పేరు పెట్టారు. శుభ్రంగా ఉంది, అమ్మేవాళ్ళు ఓపిగ్గా చెబుతారు, కానీ ధరలు ఎక్కువ. రోజెట్, జెజూ అనే రెండు రకాల సాసేజ్‌లు పక్కపక్కన పెట్టి రుచి చూడ్డానికి మాత్రం ఇంతకు మించిన చోటు లేదు. రోజెట్‌ను పంది పెద్దపేగు చివరి భాగంలో నింపుతారు. ఆ తొడుగు మందం, కొవ్వు ఎక్కువ కాబట్టి నెమ్మదిగా ఆరి లోపల మెత్తగా మిగులుతుంది. జెజూ ఇంకా లావు, ఆరడానికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. నాకు జెజూయే నచ్చింది. ఎక్కువ కొనాలంటే ఊళ్ళోనే క్రువా రూస్ పేటలోని వీధి సంత మేలు, ఉదయం పూటే ఉంటుంది. ఈ రెండు చోట్లకూ సోమవారం వెళ్ళకండి.

స్టేషన్ దగ్గర మేం దిగిన హోటల్ ఇరుకు, రాత్రంతా ట్రాముల మోత. బస మాత్రం పాత ఊళ్ళో చూసుకోండి.

ఆర్దెష్ జిల్లా వైపు వలాన్స్ అనే ఊరి నుంచి బస్సులో వెళ్ళాం. అక్కడి సాసేజ్ బాగుంది కానీ, దాని కోసమే అంత దూరం వెళ్ళక్కర్లేదు.

లాకోన్ మాత్రం తప్పక చూడాలి. టార్న్ జిల్లా కొండల్లో సుమారు 800 మీటర్ల ఎత్తున ఉన్న చిన్న ఊరు. దగ్గర్లోని కాస్త్ర్ పట్టణం వరకు రైలు, తర్వాత బస్సు. బస్సులు తక్కువ, టైము ముందే చూసుకోకపోతే టెన్షనే. ఇక్కడి సాసేజ్‌లో ఉప్పు, మిరియాలే ముఖ్యం. మాంసం ముక్కలు పెద్దవి, నములుతుంటే మాంసం రుచే తెలుస్తుంది. ఒక ఇంట్లో గది అద్దెకు తీసుకున్నాం. ఆ ఇంటావిడ పొద్దున్నే రొట్టె, వెన్నతో పాటు సాసేజ్ కోసి పెట్టింది. ఆదివారం రాత్రి హోటళ్ళు మూసేస్తే భోజనం కూడా ఆమే వండింది.

ఆర్ల్ అనే ఊరి పేరుతో ఉన్న రకంలో గొడ్డు మాంసం కూడా కలుస్తుంది, తిననివాళ్ళు అడిగి కొనాలి. కొన్నది ప్లాస్టిక్‌లో చుట్టకుండా కాగితంలోనో గుడ్డలోనో ఉంచండి. మాంసం ఇండియాకు తేవాలంటే అనుమతులు కావాలి కాబట్టి అక్కడే తినేయడం మంచిది.