కలలు బాగున్నాయి, నిద్రే పాడైంది: లూసిడ్ డ్రీమింగ్‌పై నా సమీక్ష

కల కంటున్నామన్న సంగతి కలలోనే తెలిసిపోవడాన్ని లూసిడ్ డ్రీమింగ్ అంటారు. దాన్ని కావాలని రప్పించుకోవడం కోసం నేను కొన్నేళ్ల పాటు పట్టుదలగా సాధన చేశాను. కలల డైరీ రాశాను, తెల్లవారుజామున అలారాలు పెట్టుకున్నాను, పగలంతా ‘ఇది కలా, నిజమా’ అని పరీక్షించుకునే రియాలిటీ చెక్‌లు చేశాను. మానేసి కూడా చాలా కాలమైంది కాబట్టి ఇప్పుడు రెండు వైపులా చూసి రాయగలుగుతున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. దానంతటది వచ్చే లూసిడ్ కలతో ఎవరికీ పేచీ అక్కర్లేదు. దాన్ని రప్పించడానికి చేసే సాధనతోనే నాకు పేచీ. అది తెచ్చే నష్టం కలలో కనిపించదు, మర్నాడు పగటిపూట కనిపిస్తుంది. అందుకే కలల గురించి ఉత్సాహంగా చెప్పుకునేవాళ్ల మాటల్లో ఆ సంగతి పెద్దగా వినపడదు.

ఇది బూటకం మాత్రం కాదు. 1913లో డచ్ మానసిక వైద్యుడు ఫ్రెడెరిక్ వాన్ ఈడెన్ తన కలల గురించి రాస్తూ ఈ పేరు వాడాడు. 1975లో ఇంగ్లండ్‌లోని హల్ విశ్వవిద్యాలయంలో కీత్ హెర్న్ దీనికి గట్టి ఆధారం చూపించాడు. నిద్రలో ఉన్న మనిషి ముందుగా అనుకున్న పద్ధతిలో కళ్లను కుడిఎడమలకు తిప్పి, కలలోంచే సంకేతం ఇవ్వడాన్ని ఆయన పరికరాల మీద నమోదు చేశాడు. కొన్నేళ్లకు అమెరికాలో స్టీఫెన్ లాబెర్జ్ కూడా విడిగా అదే నిరూపించాడు. 2021లో అచ్చయిన ఒక పరిశోధన ఇంకా ముందుకెళ్లింది. నాలుగు దేశాల ల్యాబ్‌లలో, కల కంటున్నవాళ్లను చిన్న చిన్న కూడికలు, తీసివేతలు అడిగితే కొందరు కళ్ల కదలికలతోనూ, ముఖ కండరాలతోనూ సరైన జవాబులిచ్చారు. కాబట్టి ఇదంతా ఊహ అనేవాళ్లతో నేను ఏకీభవించను.

నాకు వచ్చిన లూసిడ్ కలల్లో కొన్ని నిజంగా అద్భుతం. ఎగరడం అందరూ చెప్పేదే. నాకు అంతకంటే నచ్చింది, కలలో ఒక గోడ దగ్గర నిలబడి దాని గరుకుదనాన్ని వేళ్లతో తడమడం. అక్కడ గోడ లేదని తెలుసు, అయినా వేళ్లకి అది తగులుతూనే ఉంది. ఆ ఆశ్చర్యాన్ని నేను తక్కువ చేసి చెప్పను. కాకపోతే చాలాసార్లు అది ఎంతోసేపు నిలవదు. కల అని తెలిసిన సంతోషంలోనే మెలకువ వచ్చేస్తుంది. చేతులు రుద్దుకోవాలి, గిరగిరా తిరగాలి అని చిట్కాలు చెబుతారు. కొంత పనిచేస్తాయి కూడా. అప్పుడు కల చూడటం పోయి, కలను నిలబెట్టుకోవడమే పనవుతుంది.

ఇక అసలు విషయానికొస్తాను. మన నిద్ర దాదాపు 90 నిమిషాల ఆవృత్తాలుగా సాగుతుంది. స్పష్టమైన కలలు ఎక్కువగా వచ్చే రెమ్ నిద్ర రాత్రి చివరి భాగంలోనే ఎక్కువ సేపు ఉంటుంది. అందుకే బాగా పేరున్న పద్ధతి ఏమిటంటే, ఐదు గంటల నిద్ర తర్వాత అలారంతో లేవడం, కాసేపు మేలుకుని ఉండి, ‘ఈసారి కల వచ్చినప్పుడు అది కల అని గుర్తుపడతాను’ అని మనసులో అనుకుంటూ మళ్లీ నిద్రలోకి జారుకోవడం. లాబెర్జ్ రూపొందించిన మైల్డ్ పద్ధతిని (ఆ వాక్యం అనుకుంటూ నిద్రపోవడం), వేక్ బ్యాక్ టు బెడ్‌ను (మధ్యలో లేచి మళ్లీ పడుకోవడం) కలిపి ఇలా చేస్తారు. వినడానికి తేలికగా ఉంటుంది. చేసి చూస్తే, నిద్రలో మనకి బాగా అవసరమైన ఒక ముక్కని చేతులారా మధ్యకి కోసేస్తున్నామని అర్థమవుతుంది.

ఫలితం సంగతి చూద్దాం. 2017లో ఆస్ట్రేలియాలో డెన్‌హోమ్ ఆస్పీ చేసిన పరిశోధనలో రియాలిటీ చెక్‌లు, తెల్లవారుజామున లేవడం, మైల్డ్, ఈ మూడూ కలిపి వారం పాటు చేసినవాళ్లకు దాదాపు 17 శాతం రాత్రుల్లో లూసిడ్ కల వచ్చింది. ఈ రంగంలో దీన్ని మంచి ఫలితంగానే చూస్తారు, అలా చూడటం తప్పు కూడా కాదు. కానీ ఆ అంకెని రెండో వైపు నుంచి చదవండి. అలారం నూటికి నూరు రాత్రులూ మోగింది. 80కి పైగా రాత్రుల్లో నిద్ర చెడింది, కల మాత్రం రాలేదు. నాకూ సరిగ్గా అలాంటి రాత్రులే ఎక్కువ. నిద్ర మధ్యలో లేచి, జపంలా ఆ వాక్యం అనుకుంటూ, నిద్ర పట్టక పొర్లి, తెల్లారాక తల బరువుగా లేవడం. ‘ఈ రాత్రైనా వస్తుందా’ అన్న టెన్షన్ పక్క మీదికి చేరాక మామూలు నిద్ర కూడా కష్టమవుతుంది. పడుకోవడమే ఒక పరీక్షలా తయారవుతుంది. ఆ రోజుల్లో నాకు పనిలో చిరాకు, మతిమరుపు, చిన్నదానికే కోపం. ఇంట్లోవాళ్లకి నా కంటే ముందే ఆ తేడా తెలిసింది. పెద్దవాళ్లకి రాత్రికి 7 గంటలకు తగ్గకుండా నిద్ర కావాలని నిద్రా వైద్యులు చెబుతారు. ఈ సాధన చేస్తూ, ఉద్యోగం కూడా చేస్తూ, క్రమం తప్పకుండా అన్ని గంటలు పడుకోవడం నాకైతే సాధ్యపడలేదు.

వారాంతాల్లోనే చేస్తే సరిపోతుంది కదా అంటారు. చేశాను. నిద్ర వేళలు వారంలో రెండుసార్లు తారుమారైతే సోమవారం ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇంతకంటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది పగటి సాధన. రియాలిటీ చెక్ అంటే రోజులో పదే పదే ఆగి, ‘ఇది కలా, నిజమా?’ అని మనస్ఫూర్తిగా అనుమానించడం. ఆ అలవాటు కలలోకీ వస్తే, అది కల అని అక్కడే పట్టుబడుతుందని ఆశ. చేతివేళ్లు లెక్కపెట్టుకోవడం, ముక్కు మూసుకుని ఊపిరి తీయడానికి ప్రయత్నించడం, గడియారం వైపు రెండుసార్లు చూసి అంకెలు మారాయేమో గమనించడం. పైపైన చేస్తే ఫలితం ఉండదు, నిజంగా అనుమానించాలి అని గట్టిగా చెబుతారు. ఆ మాటలోనే ప్రమాదం ఉంది. మెదడుకి రోజూ నేర్పుతున్నది ఏమిటి? కళ్లెదుట కనిపించేదాన్ని నమ్మొద్దని. కొన్ని నెలలకి ఆ పాఠం బాగానే ఒంటబట్టింది. నేను అడగకుండానే అనుమానం వచ్చేది. ఎవరైనా బాధతో ఏదో చెప్పుకుంటుంటే వింటూ వింటూ ఉన్నట్టుండి వాళ్ల ముఖం చదునుగా, గది సినిమా సెట్టులా అనిపించేది. నేను అక్కడే ఉన్నాను, కానీ కాస్త వెనక్కి నిలబడి చూస్తున్నట్టు ఉండేది. అవతలి మనిషి కన్నీళ్లు పెట్టుకుంటుంటే నేను బల్ల కింద వేళ్లు లెక్కపెట్టుకుంటున్నాను. ఏ కలా దీనికి సరిపోయే ప్రతిఫలం కాదు.

ఈ స్థితిని మనస్తత్వ శాస్త్రంలో డిసోసియేషన్ అంటారు. ఇజ్రాయెల్‌కు చెందిన లియాట్ అవిరామ్, నిరిత్ సోఫర్-డుడెక్ 2018లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో చదవదగ్గది. లూసిడ్ కలలు తరచూ రావడానికీ మానసిక సమస్యలకీ వాళ్లకు చెప్పుకోదగ్గ సంబంధం కనబడలేదు. కల ఎంత స్పష్టంగా, ఎంత అదుపులో, ఎంత సంతోషంగా ఉంటే అంత మంచి సూచనగానే తేలింది. అయితే కావాలని రప్పించే పద్ధతులు వాడినవాళ్లలో మాత్రం, రెండు నెలల తర్వాత చూస్తే డిసోసియేషన్ లక్షణాలు, వాస్తవాన్ని వింతగా గ్రహించే స్కిజోటైపీ లక్షణాలు పెరిగాయి. ఇది ఒక్క అధ్యయనం. దీన్ని పట్టుకుని అందరికీ మతి పోతుందని అనడం అన్యాయం. కానీ నాకు జరిగిందీ, వాళ్లు కొలిచిందీ ఒకే చోటు చూపిస్తున్నాయి. కలలో తప్పు లేదు. తిప్పలన్నీ దాన్ని తెచ్చుకునే దారిలోనే ఉన్నాయి. 2019లో రఫాయెల్ వల్లా, పెరిన్ రూబీ అనే ఫ్రెంచ్ పరిశోధకులు కూడా లూసిడ్ డ్రీమింగ్‌ను అలవాటుగా పెంచుకోవడం మంచి ఆలోచనేనా అని సూటిగా ప్రశ్నిస్తూ రాశారు. నిద్రకి జరిగే నష్టం గురించి వాళ్ల ఆందోళనా ఇలాంటిదే.

దొంగ మెలకువల గురించి కూడా చెప్పాలి. లేచాననుకుంటారు, ముఖం కడుక్కుంటారు, బట్టలు వేసుకుంటారు, తలుపు తీస్తారు, అదీ కలే. మళ్లీ లేస్తారు, మళ్లీ అదే. సాధన ముదిరే కొద్దీ నాకు ఇవి పెరిగాయి. ఒకటి రెండు సార్లైతే వింతగా ఉంటుంది. వరసగా జరిగితే నిజంగా లేచిన తర్వాత కూడా చాలాసేపు దేన్నీ నమ్మబుద్ధి కాదు. పొయ్యి దగ్గర నిలబడి ఇది నిజమైన మంటేనా అని ఆలోచించాల్సి రావడం మంచి లక్షణం కాదు.

మెలకువలోంచి నేరుగా కలలోకి దిగే పద్ధతి ఒకటుంది, వైల్డ్ అంటారు. రెమ్ నిద్రలో మన కండరాలు చచ్చుబడినట్టు ఉండటం సహజం, లేకపోతే కలలో పరిగెత్తినప్పుడు మంచం మీదా పరిగెత్తేవాళ్లం. ఈ పద్ధతిలో మనసు మేలుకుని ఉండగానే ఒళ్లు ఆ స్థితిలోకి వెళ్తుంది. అంటే స్లీప్ పెరాలిసిస్‌ను పిలిచి మరీ తెచ్చుకున్నట్టు. గుండెల మీద బరువు, గదిలో ఎవరో ఉన్నారన్న భావన, అరవబోతే గొంతు రాకపోవడం. ప్రాణాపాయం లేదని తెలిసినా ఆ భయం తెలివితో తగ్గేది కాదు. దాని తర్వాత కొన్ని రాత్రులు వెల్లకిలా పడుకోవడానికే జంకాను.

కొందరు మాత్రల దాకా వెళ్తారు. అల్జీమర్స్ రోగులకిచ్చే గాలంటమిన్ లూసిడ్ కలల అవకాశం పెంచుతుందన్న మాట నిజమే. 2018 పరిశోధనలో ఉత్తుత్తి మాత్ర మింగిన రాత్రుల్లో 14 శాతం మందికి అలాంటి కల వస్తే, 8 మిల్లీగ్రాముల మందు వేసుకున్న రాత్రుల్లో 42 శాతం మందికి వచ్చింది. అదే మందు వికారం, వాంతులు తెప్పించగలదు, గుండె వేగాన్ని తగ్గించగలదు. ఒంట్లో చాలా గంటలు ఉంటుంది. సరదా కోసం, డాక్టర్‌కి చెప్పకుండా దీన్ని వాడమని సలహా ఇచ్చేవాళ్ల మాట వినకండి. నేను దాని జోలికి పోలేదు.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ పక్కన పెట్టినా, నాకు ఇంకొక అభ్యంతరం మిగులుతుంది. మా తాతయ్య పోయిన తర్వాత లూసిడ్ కలలో ఆయన్ని పిలుచుకోవచ్చని నాకు ఆశ ఉండేది. ఒకసారి పిలిచాను, వచ్చారు. అదే ముఖం, అదే కూర్చునే తీరు. మాట్లాడమన్నాను. మాట్లాడారు, కానీ ప్రతి మాటా ఆయన నోరు తెరవకముందే నాకు తెలుసు. నేను వినాలనుకున్నదే ఆయన అన్నారు. చేయి పట్టుకుంటే పట్టుకోనిచ్చారు. ఆయన బతికుండగా నేను అనుకున్నట్టు ఒక్క మాట మాట్లాడిన మనిషి కాదు, ఎప్పుడూ ఎదురు చెప్పేవారు. లేచాక ఆయన్ని ఇంకోసారి పోగొట్టుకున్నట్టే అనిపించింది. సాధన మానేసిన తర్వాత, మామూలు కలలో ఆయన తనంతట తానే వచ్చారు. నన్ను సరిగ్గా గుర్తుపట్టకుండా, వేరేవాళ్లతో ఏదో గొడవ పడుతూ వెళ్లిపోయారు. ఆ కల నాకు ఎక్కువ విలువైనది. అందులో ఉన్నది ఆయనే.

అదుపులో పెట్టిన కలలో మనకి తెలియనిది ఏదీ ఎదురు కాదని నేను అనడం లేదు. కలని బలవంతంగా తిప్పకుండా ఊరికే గమనించేవాళ్లూ ఉన్నారు, టిబెటన్ బౌద్ధంలో కలల యోగం చేసేవాళ్లకి కలలో సరదాగా తిరగడం అసలు లక్ష్యమే కాదు. వాళ్లకి గురువు ఉంటాడు, ఏళ్ల ధ్యాన క్రమశిక్షణ ఉంటుంది. ఆ సందర్భం నుంచి పద్ధతిని ఒక్కదాన్నే ఊడబెరికి, రెండు వారాల్లో ఎగరడం నేర్పుతామని చెబితేనే నాకు ఇబ్బంది.

పీడకలలతో నలిగిపోయేవాళ్ల విషయం వేరు. ‘ఇది కల’ అని తెలియడం వాళ్లకి పెద్ద ఊరట కావచ్చు, చికిత్సగా దీన్ని పరీక్షించిన వైద్యులున్నారు. అలాంటివాళ్లు కూడా ముందు ఇమేజరీ రిహార్సల్ థెరపీ గురించి డాక్టర్‌ని అడగాలని నా కోరిక. పీడకల ముగింపుని మెలకువలో మార్చి రాసుకుని, పగలే మనసులో తిప్పుకునే పద్ధతి అది. అలారాలు లేవు, నిద్ర చెడదు. సైకోసిస్ (వాస్తవంతో సంబంధం తెగిపోయే మానసిక స్థితి), బైపోలార్ చరిత్ర ఉన్నవాళ్లు, ఒంటికీ మనసుకీ మధ్య దూరం అప్పటికే అనుభవిస్తున్నవాళ్లు, నిద్రలేమి ఉన్నవాళ్లు సొంతంగా ఈ సాధన మొదలుపెట్టొద్దని మాత్రం బతిమాలి చెబుతున్నాను.

‘నువ్వు పద్ధతిగా చేయలేదు’ అనే జవాబు నాకు చాలాసార్లు ఎదురైంది. ఫలితం రాకపోతే సాధన చాలలేదంటారు, ఇబ్బంది వస్తే సాధన తప్పంటారు. పద్ధతిలోనే లోపం ఉండొచ్చన్న మాట ఆ సంభాషణలో ఎక్కడా ఇమడదు. కొత్తగా చేరేవాళ్లకి ఇబ్బందుల గురించి మొదటిరోజే చెబితే, ఎంచుకోవాలో వద్దో వాళ్లే తేల్చుకుంటారు.

ఆపాలనుకునేవాళ్లకి ఒక మాట. అలారం తీసేయడం తేలిక, మర్నాటి నుంచే నిద్రలో తేడా తెలుస్తుంది. రియాలిటీ చెక్ అలవాటు అంత తొందరగా వదలదు. అనుమానం వచ్చినప్పుడు వేళ్లు లెక్కపెట్టకుండా, చేతిలో ఉన్న పనినే కొనసాగించడం నాకు పనిచేసింది, కొన్ని వారాలు పట్టింది. అప్పటికీ ప్రపంచం దూరంగా అనిపిస్తూనే ఉంటే మానసిక వైద్యుడికి సాధన సంగతి దాచకుండా చెప్పండి. కలల డైరీ నేను ఇప్పటికీ రాస్తున్నాను, పొద్దున లేచాక గుర్తున్నంతవరకే.