సెకండ్ హ్యాండ్ చిన్నకారు, దాని కరెంటు జబ్బులు, ఆటోనగర్ మేస్త్రీ

కారు మంచిదే. తర్వాత దానికి సామాన్లు బిగించినవాళ్ల పనే మంచిది కాదు. అందుకని ఇది సగం కారు మీద రివ్యూ, సగం దాన్ని బాగుచేసిన షాపు మీద రివ్యూ.

బండి 2014 మోడల్, 1.2 లీటర్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. నేను చెప్పబోయే రోగాల్లో ఒక్కటీ ఫ్యాక్టరీలో పుట్టింది కాదు. పదేళ్లు దాటి చేతులు మారిన ఏ చిన్నకారులోనైనా ఇవే కనిపిస్తాయి. ఇంజిన్ గురించి వంక పెట్టడానికేం లేదు. గుంటూరు నుంచి మంగళగిరి మీదుగా విజయవాడ దాకా హైవే మీద హాయిగా పోతుంది, లీటరుకి 18 దాకా ఇస్తుంది, మే నెల ఎండలో కూడా ఏసీ చల్లగానే ఉంటుంది. సీట్లు కాస్త గట్టివి. వెనక ముగ్గురు పెద్దవాళ్లు కూర్చుంటే మధ్యలో ఉన్నవారి సంగతి దేవుడెరుగు. ఆ మాటలు ఎవరైనా రాస్తారు, కరెంటు సంగతికి వద్దాం.

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. కాబట్టి కారు కొన్న మొదటి వారంలోనే మల్టీమీటరు డ్యాష్‌బోర్డు అరలోకి చేరింది. లక్షణాలు చూడండి. శనివారం మధ్యాహ్నం ఆపిన బండికి సోమవారం పొద్దున సెల్ఫ్ కొడితే కట్ కట్ కట్‌మని రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్) చప్పుడు తప్ప ఏమీ ఉండదు. రోజూ నడిపే వారంలో స్టార్ట్ అవుతుంది కానీ, సెల్ఫ్ బరువుగా, మూలుగుతూ తిరుగుతుంది. హారన్ కొడితే హెడ్‌లైట్లు ఒక్క క్షణం మసకబారతాయి. అన్నిటికంటే వింత, బ్రేకు తొక్కినప్పుడల్లా పెట్రోలు ముల్లు కదలడం. పాత ఓనరు ఏడాది తిరక్కుండా రెండు బ్యాటరీలు మార్చినట్టు వారంటీ కార్డులు పేపర్లతో పాటే ఇచ్చాడు. అమ్మిన ఆయన దాన్ని గొప్పగా చెప్పాడు, "బ్యాటరీ కొత్తది మేడమ్" అని. ఏడాదిలో రెండు కొత్త బ్యాటరీలు అంటే అది గొప్ప కాదు, రోగానికి రుజువు. ఆ మాట మీదే బేరం తగ్గించి తీసుకున్నాను.

ముందు గుంటూరులోనే ఒక పెద్ద షెడ్డుకి తీసుకెళ్లాను. స్టీరింగ్ కింద పదహారు పిన్నుల సాకెట్లో స్కానరు పెట్టారు. పీ0562 అని కోడ్ వచ్చింది. అంటే సిస్టమ్ వోల్టేజీ తక్కువ. అంతే, డైనమో పోయిందన్నారు. మన దగ్గర ఆల్టర్నేటర్‌ని ఇప్పటికీ డైనమో అనే అంటారు. నేను మీటరు తీసి ఇంజిన్ ఆన్‌లో ఉండగా బ్యాటరీ మీద చూపించాను, 14.2 వోల్టులు. ఆరోగ్యంగా ఉన్న ఆల్టర్నేటర్ 13.8 నుంచి 14.5 మధ్య ఇస్తుంది. ఇది అందులోనే ఉంది కదా అంటే, "స్కానరు చెప్తోంది కదండీ" అన్నారు. కారులోని కంప్యూటర్ చూసేది తన దగ్గరికి చేరిన వోల్టేజీని. మధ్య దారిలో పోతే దానికి తక్కువే కనిపిస్తుంది, అందులో డైనమో తప్పేముంది? రెండో చోట స్కానరు కూడా లేదు. బానెట్ ఎత్తి, టేపులు చుట్టిన వైర్ల గుత్తి చూసి, వైరింగ్ కిట్ మొత్తం మార్చాలి, రూ.22,000 అవుతుందన్నారు. నమస్కారం పెట్టి వచ్చేశాను.

మా సహోద్యోగి ఒకాయన చెప్తే విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో ఒక ఆటో ఎలక్ట్రికల్ షాపుకి వెళ్లాను. షాపంటే రేకుల కింద ఒక బల్ల, గోడకి వేలాడే పాత సెల్ఫ్ మోటార్లు, ఇద్దరు కుర్రాళ్లు, అరవై దాటిన మేస్త్రీ. స్కానరు లేదు. ఆయన చేతిలో ఉన్నది ఒక టెస్ట్ లైటు. ఇండికేటర్ బల్బుకి రెండు వైర్లు అంటించి చేసుకున్నది.

ఆయన చేసిన మొదటి పనికే నేను ఫ్లాట్. టెస్ట్ లైటు ఒక వైరు ఇంజిన్ బ్లాకుకి, ఇంకోటి బ్యాటరీ మైనస్‌కి పెట్టి, "సెల్ఫ్ కొట్టండమ్మా" అన్నాడు. రెండూ ఎర్తే, అంటే కరెంటు బ్యాటరీ మైనస్‌కి తిరిగెళ్లే దారి. వాటి మధ్య వోల్టేజీ తేడా ఉండకూడదు, బల్బు వెలగకూడదు. నేను కీ తిప్పగానే అది మసగ్గా వెలిగింది. అదే చోట నా మీటరు పెడితే 2.9 వోల్టులు. "మీరు పిల్లలకి చెప్పేది ఇదేనా?" అని నవ్వాడు. ఇదే. కాకపోతే ల్యాబులో ఇంత ముచ్చటగా ఎప్పుడూ కనిపించలేదు.

లెక్క చూడండి. ఈ సైజు ఇంజిన్‌ని తిప్పేటప్పుడు సెల్ఫ్ మోటారు ఇంచుమించు 150 ఆంపియర్లు లాగుతుందనుకుందాం. దారిలో 0.02 ఓం నిరోధం ఉంటే చాలు, 3 వోల్టులు అక్కడే ఆవిరి. 0.02 ఓం అంటే మామూలు మల్టీమీటరు సరిగా చూపించలేనంత తక్కువ. కాబట్టి "కంటిన్యుటీ ఉంది, బీప్ వస్తోంది, వైరు బాగుంది" అనే పరీక్ష ఇక్కడ దేనికీ పనికిరాదు. లోడు ఉన్నప్పుడు ఎంత వోల్టేజీ పడిపోతోందో చూడాలి. ఎర్త్ వైపు మంచి బండిలో అది 0.2 దాటదు. నా బండిలో సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ మీద 10.4 ఉంటే, అందులో 2.9 తిరుగుదారిలోనే పోయి మోటారుకి మిగిలింది 7.5. మూలగక ఏం చేస్తుంది?

మేస్త్రీ అక్కడితో ఆగలేదు. "క్లచ్ కేబుల్ పట్టుకోండి" అన్నాడు. వెచ్చగా ఉంది! ఇంజిన్‌కి అసలు ఎర్త్ దారి మూసుకుపోతే కరెంటు దొరికిన ఇనుపదారి పట్టుకుని తిరిగొస్తుంది. పాపం క్లచ్ కేబుల్, గేరు కేబుల్ ఆ భారం మోస్తాయి. ఇలా కేబుళ్లు కాలిపోయిన బండ్లు చూశానన్నాడు. తర్వాత జంపర్ కేబుల్ ఒక్కటి తీసుకుని బ్యాటరీ మైనస్ నుంచి నేరుగా ఇంజిన్ బ్లాకుకి తగిలించాడు. కీ తిప్పితే కొత్త బండిలా అందుకుంది. రోగం ఇంజిన్ ఎర్త్ పట్టీదని అప్పుడు తేల్చి, గేర్‌బాక్సు బోల్టు కింద ఉన్న రాగి పట్టీ విప్పాడు. పైకి బాగానే ఉంది. బోల్టు కింద మాత్రం పచ్చటి చిలుము, పైగా సగం తీగలు తెగిపోయి ఉన్నాయి. మునుపెప్పుడో గేర్‌బాక్సు దింపినవాళ్లు ఆ చోటు శుభ్రం చేయకుండానే బిగించేశారు. కొత్త పట్టీ రూ.350. డైనమోకీ వైరింగ్ కిట్‌కీ నేను పెట్టకుండా ఆపిన డబ్బు తలుచుకుంటే నవ్వొచ్చింది.

శనివారం, సోమవారం కథ వేరే. అది కారు ఆగి ఉన్నప్పుడు బ్యాటరీని తాగేస్తున్న దొంగ లోడు. దీన్ని పట్టుకోవడం నేనే చేశాను, ఆయన పక్కన నిలబడి చూశాడు. బ్యాటరీ మైనస్ వైరు తీసి మధ్యలో మీటరుని 10 ఆంపియర్ల సాకెట్లో సిరీస్‌లో పెట్టాలి. మీటరు ఉండగా పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టకూడదు, మీటరు లోపలి ఫ్యూజు ఎగిరిపోతుంది. తలుపులు మూసి, కాసేపు ఆగి, కంప్యూటర్, సెంట్రల్ లాక్ అన్నీ నిద్రపోయాక చూడాలి. మామూలుగా 0.05 ఆంపియర్ లోపు ఉండాలి. నాది 0.4. బ్యాటరీ 35 ఆంపియర్ అవర్. భాగిస్తే 87 గంటలు, అంటే మూడున్నర రోజుల్లో పూర్తిగా ఖాళీ. సగం ఖాళీ అయితేనే సెల్ఫ్ మొరాయిస్తుంది కాబట్టి రెండు రోజులు చాలు. ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ పోతే ఆడియో ఫ్యూజు తీయగానే 0.03కి పడిపోయింది.

డ్యాష్‌బోర్డు విప్పితే టచ్‌స్క్రీన్ స్టీరియో. ఇలాంటి స్టీరియోకి పసుపు వైరు ఎప్పుడూ బ్యాటరీకే ఉండాలి, టైము, స్టేషన్లు గుర్తుండడానికి. ఎరుపు వైరు కీ తిప్పితేనే కరెంటు వచ్చే లైనుకి ఇవ్వాలి. బిగించిన మహానుభావుడు పసుపు, ఎరుపు రెండూ కలిపి మెలితిప్పి బ్యాటరీ లైనుకే ఇచ్చేశాడు. స్క్రీన్ నల్లగా కనిపించినా లోపల సగం మేలుకునే ఉండేది. పాత ఓనరు మార్చిన రెండు బ్యాటరీలూ ఈ ఎరుపు వైరు చలవే.

మిగతావి త్వరగా చెప్తాను. హెడ్‌లైట్లకి 60/55 వాట్ల బల్బుల స్థానంలో 100/90 వేసి ఉన్నారు, రిలే లేకుండా. హైబీమ్‌లో రెండు బల్బులకీ కలిపి కరెంటు పది ఆంపియర్ల నుంచి దాదాపు పదిహేడుకి పెరిగింది, వైర్లో వేడి కరెంటు వర్గానికి అనులోమం కాబట్టి దాదాపు మూడింతలు. లైట్ల స్విచ్ కప్లర్ (వైర్లు కలిపే ప్లగ్గు) గోధుమరంగులోకి మాడి ఉంది. మళ్లీ 60/55 బల్బులే వేయించి, రిలేలు పెట్టించాను. లైట్లు ఇప్పుడే ఎక్కువ కాంతిగా ఉన్నాయి, ఎందుకంటే బల్బుకి పూర్తి వోల్టేజీ చేరుతోంది. హారన్లకీ రిలే లేదు, రెండు పెద్ద హారన్లని సన్నటి లైను మీద వేలాడదీశారు. పొద్దున్నే అపార్టుమెంట్లో అందరూ ఒకేసారి కుళాయిలు తిప్పితే పై అంతస్తుకి నీళ్లు రానట్టు, హారన్ కొడితే లైట్లకి కరెంటు అందేది కాదు. బ్రేకుకి పెట్రోలు ముల్లు ఊగడం వెనక వైపు ఎర్త్ స్క్రూ తుప్పు వల్ల. టెయిల్ ల్యాంపు, పెట్రోలు మట్టం కొలిచే ట్యాంకు యూనిటు రెండిటికీ ఎర్త్ అక్కడే. ఉప్పుకాగితంతో రుద్ది, గ్రీజు రాసి బిగిస్తే ముల్లు కుదురుకుంది. డిక్కీ తలుపు కీలు దగ్గర రబ్బరు గొట్టంలో వైరు ఒకటి తెగింది, నంబర్ ప్లేటు లైటుది. హ్యాచ్‌బ్యాకుల్లో తలుపు ఎత్తీ దించీ ఆ వైర్లు అక్కడే తెగుతాయి.

మొత్తం బిల్లు రూ.3,200. అందులో మేస్త్రీ కూలి రూ.1,400, మిగతాది సామాను. బిల్లు అన్నాను కానీ కాగితం ఇవ్వలేదు, అడిగితే పాత క్యాలెండరు వెనక రాసిచ్చాడు. షాపు మీద నా ఫిర్యాదులు కూడా రాయాలి. కూర్చోడానికి పాత మారుతి సీటు ఒక్కటే ఉంది. ఆడవాళ్లకి టాయిలెట్ ఊసే లేదు. ఫోన్ ఎత్తరు. జాయింట్లు మెలితిప్పి టేపు చుట్టడమే వాళ్ల అలవాటు. సోల్డర్ చేసి స్లీవు వేయమంటే కుర్రాడు విసుక్కున్నాడు. "అమ్మ చెప్పినట్టు చెయ్యరా, పదేళ్లు ఉంటది" అని మేస్త్రీ కోప్పడితే చేశాడు. ఆ సోల్డరింగుకి విడిగా డబ్బు అడగలేదు. ఐదు నక్షత్రాలకి నాలుగిస్తాను, ఆ ఒక్కటీ టాయిలెట్‌కి తగ్గించాను.

ఇలాంటి బండి కొనబోయేవాళ్లు టెస్ట్ డ్రైవ్‌కి ముందు కొన్ని చూడండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్లండి, "ముందే స్టార్ట్ చేసి ఉంచాం" అంటే ఇంకో రోజు వస్తానని చెప్పండి. కీ ఆన్ చేయగానే బ్యాటరీ, ఆయిలు, ఎయిర్‌బ్యాగు, ఇంజిన్ గుర్తులన్నీ వెలగాలి, ఇంజిన్ స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. ఆరకపోతే రోగం ఉంది, అసలు వెలగకపోతే ఎవరో దాన్ని దాచారు. రాత్రంతా ఆగిన బ్యాటరీ 12.4కి తగ్గకుండా ఉండాలి. ఫ్యూజు పెట్టెలో ఎరుపు పది, నీలం పదిహేను, పసుపు ఇరవై, ఆకుపచ్చ ముప్పై. మూత మీద పది అని రాసి ఉన్నచోట ఆకుపచ్చ ఫ్యూజు కనిపిస్తే ఆ బండికి దణ్ణం పెట్టేయండి. విజయవాడ బండైతే ఇంకో పని ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకి సింగ్‌నగర్ వైపు చాలా కార్లు నీళ్లలో నానాయి. సీటు బెల్టు చివరిదాకా లాగి బురద చార ఉందేమో చూడండి, సీటు కింద బోల్టుల తుప్పు, స్టెప్నీ గుంతలో మట్టి చూడండి, కార్పెట్ ఎత్తి కప్లర్లలో పచ్చ చిలుము వెతకండి. నీళ్లు తాగిన వైరింగుని ఏ మేస్త్రీ కూడా పూర్తిగా బాగుచేయలేడు, ఈయన కూడా ఆ మాటే అన్నాడు.

ఇప్పుడు సెల్ఫ్ కొట్టేటప్పుడు ఎర్త్ వైపు 0.15 చూపిస్తోంది. సంక్రాంతికి ఊరెళ్లి ఎనిమిది రోజుల తర్వాత వస్తే ఒక్క సెల్ఫ్‌కే లేచింది. వెనక ఎడమ పవర్ విండో ఇంకా నెమ్మదిగానే ఎక్కుతోంది. అది కరెంటుది కాదు, అద్దం గాడిలో రబ్బరు బిగుసుకుపోయిందని మేస్త్రీ అంటున్నాడు, నాకేమో మోటారు మీద అనుమానం. ఎండాకాలం సెలవుల్లో తలుపు విప్పించి తేల్చుకుంటాను. షాపు ఆదివారం ఉండదు, మధ్యాహ్నం భోజనం వేళ ఒంటిగంట నుంచి రెండున్నర దాకా ఎవరూ పలకరు, పొద్దున పదింటికల్లా చేరితేనే బండి సాయంత్రానికి చేతికొస్తుంది.