ఫిస్టులా నరం చిరిగితే బెలూనా, కవర్డ్ స్టెంటా? ఏది మేలు?

మా పీజీ డాక్టర్లు నెలకు నాలుగుసార్లైనా ఇదే అడుగుతరు, మొన్న శనివారం హన్మకొండల నాకే మళ్ల ఎదురైంది గాబట్టి రాస్తున్న. ఫిస్టులా అంటే డయాలసిస్ కోసం చేతిల ధమనిని నరానికి కలిపి చేసిన దారి. అది సన్నబడితే లోపలికి బెలూన్ పంపి, ఉబ్బించి వెడల్పు చేస్తం, అప్పుడే ఒక్కోసారి నరం చిరుగుతది. కవర్డ్ స్టెంట్ అంటే గుడ్డ కప్పిన జాలి గొట్టం. ములుగు దిక్కు నుంచి వచ్చిన పెద్దమ్మ, మోచేతి పైన ఫిస్టులా, భుజం దగ్గర వంపుల నరం సన్నబడ్డది. బెలూన్ 24 అట్మాస్ఫియర్లకు తీస్కపోతే టప్పున విడింది. బెలూన్ ఉబ్బినప్పుడు నొప్పి అందరికీ ఉంటది, కానీ దించినంక కూడా "బిడ్డా, ఇంకా గుంజుతాంది" అన్నదంటే నాకు చెమటలు పడ్తయి. డై కొట్టి చూస్తే నీళ్లల సిరా పడ్డట్టు బయటికి కారుతాంది, అంటే నరం చిరిగింది.

ముందుగాల వైర్ (బెలూన్ దేని మీదికెళ్లి పోతదో ఆ సన్న తీగ) గుంజకండి. వైర్ లోపల ఉన్నంతసేపు అన్ని దార్లు ఉంటయి, వైర్ పోయిందంటే ఇగ సర్జన్‌కు ఫోనే. అదే బెలూన్ చిరుగు మీదికి తెచ్చి, తక్కువ ప్రెషర్‌తోని, గడియారం చూసుకుంట మూడు నుంచి ఐదు నిమిషాలు పట్టుకోవాలె, నడుమ ఆత్రపడి దించి చూసుడు పెట్టుకోవద్దు. ఇంకొకలు మోచేతి దగ్గర ఫిస్టులాను వేలితోని అదిమి రక్తం దూకుడు తగ్గించాలె. ఆగకపోతే మళ్లొకసారి. చాలావరకు చిరుగులు దీనికే ఆగుతయి, పైసా ఎక్కువ ఖర్చు కాదు. మరీ ఎక్కువసేపు పట్టుకుంటే లోపల గడ్డ కట్టే భయమైతే ఉన్నది.

కవర్డ్ స్టెంట్ చిరుగును గట్టిగ మూస్తది, ఒప్పుకుంట. ధర కూడా బాగనే ఉంటది, కానీ నా లెక్కల తేల్చేది అది కాదు: రేపు ఆ జాగల సూది దిగాల్నా? డయాలసిస్‌కు వారానికి మూడుసార్లు, సారికి రెండు సూదులు, ఫిస్టులాల గుచ్చే జాగనే జానెడు. అక్కడ స్టెంట్ వేస్తే ఆ జాగ పోయినట్టే, గుచ్చితే గుడ్డ చినుగుతది, ఇన్ఫెక్షన్ వస్తది. అందుకే అక్కడ నేను బెలూన్‌తోనే ఓపిక పడ్త. భుజం వంపుల సూది పడదు, బెలూన్‌కు ఆగకపోతే అక్కడ స్టెంట్‌కు నాకేం అభ్యంతరం లేదు. ఒక్కటే, దాని కొస చంకల పెద్ద నరంలకి పొడుచుకపోతే రేపు ఆ చేతికి ఇంకో ఫిస్టులా పెట్టే దారి మూసుకుంటది. ఇంకోటి, సరిపోయే సైజు దగ్గర లేకపోతే హైదరాబాద్ నుంచి రావాలె, దగ్గరదగ్గర 150 కిలోమీటర్లు, అందుకే వంపు కేసుంటే నేను ముందే తెప్పించి పెట్టుకుంట.

గుడ్డ లేని మామూలు స్టెంట్ కొన్నిసార్లు పని చేస్తది గానీ జాలిలకెళ్లి కండ పెరిగి మూసుకుంటది. ఆపరేషన్ చేసి ఫిస్టులాను కట్టేసుడు ప్రాణం మీదికొస్తేనే, ఇగ డయాలసిస్‌కు మెడల క్యాథెటర్ (గొట్టం) తప్పదు.

పెద్దమ్మకు రెండోసారి పట్టుకున్నంక కారుడు ఆగింది. స్టెంట్ ప్యాకెట్ బల్ల మీదనే ఉన్నది, విప్పలే. సోమవారం అదే చేతికి డయాలసిస్ అయింది, భుజం మాత్రం నేరేడుపండు తీరుగ కమిలింది.