పాత పేపర్ కటింగులు స్కాన్ చేయించేవాళ్లకు: పని బాగుంది, కానీ ముందే గట్టిగా చెప్పండి

ఈ స్కానింగ్ షాపుకి నాలుగు స్టార్లు ఇస్తున్నా. అయిదోది ఎందుకు పోయిందో చెప్పాలంటే కాస్త పొడుగు కథ.

నేను కాల్విన్ అండ్ హాబ్స్ అనే అమెరికన్ కామిక్ (కాల్విన్ అల్లరి పిల్లాడు, హాబ్స్ వాడి బొమ్మ పులి) మీద ఒక చిన్న వెబ్‌సైట్ నడుపుతుంటా. 1985 నవంబర్ 18న మొదలై 1995 డిసెంబర్ 31న ఆగిపోయిన స్ట్రిప్, మొత్తం 3,160. బొమ్మలు నా సైట్‌లో పెట్టను, అవి గీసిన బిల్ వాటర్సన్‌వి. అట్టపెట్టె టైమ్ మెషిన్ ఎక్కడెక్కడ వచ్చింది, ఏ మంచు బొమ్మకు ఏ గతి పట్టింది, ఇలాంటి పనికిరాని లెక్కలు రాస్తుంటా. జనం ఎక్కువగా చూసే పేజీ మాత్రం మా నాన్నది. చిన్నప్పుడు ఆయన పేపర్ చదవడం అయిపోయాక స్ట్రిప్‌ను బ్లేడుతో కోసి, నాకు అర్థం కాని ఇంగ్లిష్ మాటలకు కాగితం అంచు మీదే పెన్సిల్‌తో తెలుగు అర్థం రాసి, ఉడకబెట్టిన మైదాతో లాంగ్ నోట్‌బుక్‌లో అంటించేవారు. 'ట్రాన్స్‌మోగ్రిఫయర్' పక్కన "డిక్షనరీలో లేదు, రూపం మార్చే పెట్టె అనుకో" అని ఉంది. ఆ పెన్సిల్ రాతల వరకే కత్తిరించి సైట్‌లో పెడుతుంటా.

మైదాకు పురుగు పట్టింది, సగం కటింగులు ఊడిపోయాయి. ఆరు నోట్‌బుక్కులూ సంచిలో వేసుకుని సుల్తాన్ బజార్ మెట్రోలో దిగి, కోఠిలో ఈ షాపుకి వెళ్లా. బండి తేవద్దు, పెట్టే చోటు లేదు.

ముందు మంచి సంగతి. పేపర్ పలచన కాబట్టి స్కానర్ లైట్ పడగానే వెనక అచ్చు కూడా కనబడిపోతుంది. ఇంట్లో నేను చేసినప్పుడల్లా హాబ్స్ మూతి మీద ఏదో టెండర్ నోటీసు తిరగబడి వచ్చేది. ఇక్కడి కుర్రాడు నేను నోరు తెరవకముందే ఊడిపోయిన ఒక్కో కటింగ్ వెనక నల్ల చార్ట్ ముక్క పెట్టి మూత వేశాడు, వెనక అక్షరాలు మాయం. గీతల బొమ్మలు కదా, సన్న గీత కూడా స్పష్టంగా పడేలా 600 డీపీఐలో కావాలంటే మారు మాట్లాడలేదు. ఏ3 అనే పెద్ద సైజు స్కానర్ ఉంది, కాబట్టి నోట్‌బుక్ తెరిచి పరిచినా రెండు పేజీలూ ఒకేసారి పడతాయి.

ఇబ్బంది ఏంటంటే వీళ్లకు బాగుచేసే పిచ్చి. మొదటి విడత ఫైళ్లు తెరిచి చూస్తే కాగితం పాలలా తెల్లగా ఉంది. పసుపు పోయింది, మరకలు పోయాయి, నాన్న పెన్సిల్ కూడా పోయింది! గళ్ల మధ్య సందులో చీమల్లా ఉండే తేదీ అంకెలు సగం చెరిగిపోయాయి. "క్లీన్ చేసినం సార్, మంచిగొచ్చింది" అన్నాడు కుర్రాడు సంతోషంగా. ఓనర్‌కి చూపిస్తే మాత్రం ఒక్క మాట అనకుండా అన్నీ మళ్లీ చేయించారు, పైసా ఎక్కువ తీసుకోలేదు. నాలుగు స్టార్లు అందుకే.

ఇంకోటి, అడక్కుండానే తేదీ చూసి ఫైళ్లకు పేర్లు పెట్టాడు. అమెరికా వాళ్లు నెల ముందు రాస్తారు, 1-7 అంటే జనవరి 7. వీడు జూలై 1 చేశాడు. 11-18 లాంటివి బతికిపోయాయి, పద్దెనిమిదో నెల లేదు కాబట్టి. జూలైలో మంచు బొమ్మలేంట్రా అని అడగబోయి ఊరుకున్నా, హైదరాబాద్ పిల్లాడికి మంచు ఏ నెలలో కురిస్తే ఏంటి. పేర్లు మార్చుకునేసరికి నాకు వారం పట్టింది.

కప్పు మీద కాల్విన్ బొమ్మ ప్రింట్ చేసిస్తానని కూడా అడిగాడు. కప్పులకీ టీషర్టులకీ లైసెన్స్ ఇవ్వనని, స్ట్రిప్‌ను పేపర్లకు అమ్మే కంపెనీ అయిన సిండికేట్‌తో ఏళ్ల తరబడి కొట్లాడిన వాటర్సన్ గీసిన బొమ్మ అది. వద్దన్నా.

ఇక అయిదో స్టార్. డబ్బులిచ్చి సంచి సర్దుకుంటుంటే ఒక కటింగ్ తళతళా మెరుస్తూ కనబడింది. లామినేషన్! "చినిగిపోతదని వేసిన సార్, దానికి పైసలొద్దు." పాత న్యూస్‌ప్రింట్ వేడికి ప్లాస్టిక్‌కి అంటుకుపోయాక ఇక ఊడదు, ఊడదీస్తే అచ్చు కూడా దాంతో పాటే వస్తుంది. పైగా అది ఆ 'రూపం మార్చే పెట్టె' కటింగే. ఏం అనాలో తెలియక బయటికొచ్చేశా.

మీరు వెళ్తే రెండు మాటలు కాగితం మీద రాసివ్వండి: క్లీన్ వద్దు, లామినేషన్ వద్దు. నోటితో చెప్తే మర్చిపోతారు. పెన్‌డ్రైవ్ మీ సొంతది తీసుకెళ్లండి.

సాయంత్రం నాన్నకు చూపించా, తిడతారేమో అనుకుంటూ. అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుందిరా, మిగతావి కూడా ఇట్లాగే వేయించరాదూ" అన్నారు.