సీషెల్స్‌కు చిన్న ఓడే మేలు

హిందూ మహాసముద్రంలోని సీషెల్స్ దీవులు చూడాలంటే ఓడ ఎంత చిన్నదైతే అంత మంచిది. హైదరాబాద్‌లో ప్రయాణ ఏజెంట్లు ముందుగా చూపించేవి ఈతకొలనులు, థియేటర్లు ఉన్న భారీ ఓడల ఫొటోలు. అలాంటి ఓడ రాజధాని విక్టోరియా రేవులో ఆగుతుంది. ప్రాస్లిన్ దీవి చూడాలంటే అక్కడి నుంచి మళ్ళీ గంటసేపు ఫెర్రీ ప్రయాణం. నేను, మా వారు, అమ్మ ఎక్కిన ఓడలో ప్రయాణికులు నలభై మందికి కాస్త అటూ ఇటూ. ఖరీదు బాగా ఎక్కువే. కానీ అది నేరుగా చిన్న దీవుల పక్కనే లంగరు వేస్తుంది. నా లెక్కలో ఆ డబ్బుకు అదే సరైన ప్రతిఫలం.

మేము ముంబై మీదుగా వెళ్ళాం. అక్కడి నుంచి విక్టోరియా ఉన్న ప్రధాన దీవి మాహేకు విమానంలో నాలుగున్నర గంటలు. వీసా అక్కర్లేదు, అయితే ప్రయాణ అనుమతి ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. ఓడ బయలుదేరడానికి ముందు రోజే చేరుకుంటే విక్టోరియాలో నవశక్తి వినాయకుడి గుడి, దగ్గర్లోని మార్కెట్ తీరిగ్గా చూడవచ్చు. ఆ రాత్రికి బ్యూ వల్లాన్ తీరంలో చిన్న గెస్ట్‌హౌస్ చాలు, రిసార్టు దండగ.

ఓడలో అమ్మకు కింది అంతస్తులో, నడిమి భాగంలో గది తీసుకున్నాం. బాల్కనీ లేదు, గుండ్రటి కిటికీ ఒక్కటే. కానీ ఊగుడు తక్కువ కాబట్టి హాయిగా నిద్రపోయింది. పై అంతస్తులో మా గది అందంగా ఉన్నా గాలి లేచిన రాత్రి మాకు కునుకు పట్టలేదు. పెద్దవాళ్ళకు పై గది ఇప్పించకండి.

ఈ యాత్ర మొత్తంలో నా మనసు దోచుకున్నది కజిన్ దీవి. బయటి పడవ ఏదీ అక్కడి ఒడ్డును తాకకూడదు. ఎలుకలు గానీ, కొత్త విత్తనాలు గానీ దీవిలోకి రాకూడదని ఆ కట్టడి. సముద్రంలోనే దీవి వాళ్ళ పడవలోకి మారాలి. అది వేగంగా దూసుకొచ్చి ఇసుక మీదికి ఎక్కి ఆగుతుంది. ఒకప్పుడు ఇదంతా కొబ్బరితోట. 1968లో పక్షి సంరక్షకులు కొనేనాటికి సీషెల్స్ వార్బ్లర్ అనే బుల్లి పిట్టలు ప్రపంచం మొత్తమ్మీద 30 కూడా లేవు, ఉన్నవన్నీ ఇక్కడే. కొబ్బరిని తగ్గించి సహజమైన అడవిని మళ్ళీ పెరగనిచ్చారు. తర్వాత కొన్ని పిట్టలను పక్క దీవులకూ చేర్చారు. ఇప్పుడు అవి వేలల్లో ఉన్నాయి. ఫెయిరీ టెర్న్ అనే తెల్లటి పక్షి అయితే గూడే కట్టదు. నా ముఖానికి ఎదురుగా ఉన్న కొమ్మ మీద, బొటనవేలు పట్టేంత గుంటలో, ఒకే ఒక గుడ్డు మచ్చలతో నిలబడి ఉంది. గాలికి కొమ్మ కదిలినప్పుడల్లా నా గుండె ఝల్లుమంది. తల్లి పక్కనే కూర్చుని నిశ్చింతగా మమ్మల్ని చూస్తోంది. దోమలు మాత్రం విపరీతం, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి.

లా డీగ్ దీవిలో సైకిళ్ళదే రాజ్యం. ఆన్స్ సూర్స్ దార్జాన్ తీరంలోని నున్నటి గ్రానైట్ గుండ్లను చూడగానే అమ్మ, "ఇవి మన జూబ్లీహిల్స్ బండల్లాగే ఉన్నాయే!" అంది. నిజానికి మన బండలు వాటికంటే చాలా పాతవి, సుమారు 250 కోట్ల ఏళ్ళవి. అక్కడివి 75 కోట్ల ఏళ్ళ నాటివి. అయితే చుట్టరికం లేకపోలేదు. ఈ దీవులు ఒకప్పుడు భారత భూఖండానికి అతుక్కునే ఉండేవి. దక్కనులో లావా పొంగిన కాలానికి అటూ ఇటూగా, 6 కోట్ల ఏళ్ళకు ముందే విడిపోయి సముద్రం మధ్యలో ఉండిపోయాయి. ఇంటికొచ్చాక మన దగ్గర బండలను పేల్చి అపార్ట్‌మెంట్లు కట్టడం చూస్తుంటే కడుపు తరుక్కుపోతోంది.

ప్రాస్లిన్‌లో వాలే ద మే అడవి, అక్కడ కాసే కోకో డి మెర్ అనే భారీ జంట కొబ్బరికాయ అందరికీ తెలిసినవే. కాయ కొంటే అనుమతి పత్రం తప్పక అడిగి తీసుకోండి.

ఇక ఫిర్యాదు. శాకాహారానికి లోటుండదని మా ఏజెంటు గట్టిగా చెప్పాడు. మొదట్లో ఏ పూటకు చూసినా సలాడు, పాస్తా! దీవుల్లో కట్టాల్సిన ప్రవేశ రుసుములు టికెట్టులో కలిసి ఉండవన్న సంగతీ అతను దాచాడు. అది నాకు చాలా కోపం తెప్పించింది. మా వారు వెళ్ళి వంటవాళ్ళతో మాట్లాడాక అంతా మారిపోయింది. స్థానికులు పప్పు బాగానే తింటారు. అన్నం, పప్పు, కొబ్బరిపాలు పోసి వండిన సీమపనస కూర రోజూ పెట్టారు. అమ్మ ఆ కూరను రెండోసారి అడిగి వేయించుకుంది. కాబట్టి ఏజెంటు మాటతో సరిపెట్టుకోక, ఓడవాళ్ళకే ముందుగా రాయండి.

సిబ్బంది సేవకు మాత్రం పూర్తి మార్కులు. రబ్బరు పడవలోకి దిగేటప్పుడు అరచేయి పట్టుకోనివ్వరు. మనం వాళ్ళ ముంజేతిని, వాళ్ళు మన ముంజేతిని పట్టుకోవాలి. చేతులు తడిసినా పట్టు జారదు. అమ్మకు మోకాళ్ళ నొప్పులు. ఆమె వంతు వచ్చినప్పుడల్లా అల తగ్గేదాకా ఆగి, ఒక్క కుదుపు లేకుండా దించారు. ఒడ్డున మోకాలి లోతు నీళ్ళలోకే దిగాల్సి వస్తుంది కాబట్టి రబ్బరు చెప్పులు వెంట ఉండాలి.

మే నుంచి సెప్టెంబరు దాకా ఆగ్నేయ గాలులకు సముద్రం పోటెత్తి ఉంటుంది, డిసెంబరు, జనవరి నెలల్లో వానలు. ఏప్రిల్ లేదా అక్టోబరు బాగుంటాయి. బడికెళ్ళే పిల్లలున్నవాళ్ళు దసరా సెలవులకు పెట్టుకుంటే కుదురుతుంది, కాకపోతే ఇంత చిన్న ఓడలో కింది గదులు కొన్నే కనుక చాలా ముందుగా అడిగి ఉంచాలి.