జిప్సీకి బాడీ లిఫ్ట్: ఏళ్ల తరబడి వాడాక, బాగుచేయించాక నా సమీక్ష

నేను కొన్న మారుతి జిప్సీకి అప్పటికే రెండంగుళాల బాడీ లిఫ్ట్ ఉంది. పాత ఓనరు వేయించుకున్నాడు. విశాఖ నుంచి పాడేరు, చింతపల్లి, లంబసింగి వైపు ఏళ్లుగా ఇదే బండి మీద తిరుగుతున్నాను. ఎర్ర బురద, వానాకాలం గెడ్డలు (వాగులు), రాళ్లు తేలిన మన్యం దారులు అన్నీ చూసింది. లిఫ్ట్ వల్ల వచ్చిన ఇబ్బందులు ఒక్కొక్కటీ సరిచేయిస్తూ వచ్చాను కాబట్టి ఏ రిపేరు నిలిచిందో, ఏది నిలవలేదో చెప్పగలను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కంపెనీవాటికంటే పెద్దవైన 235/75 ఆర్15 టైర్ల కోసమే అయితే జిప్సీకి రెండంగుళాలు అక్కర్లేదు. ఒక్క అంగుళం వేసి, ఫెండర్ లోపలి అంచు కాస్త కోసి మడిస్తే పని అయిపోతుంది.

కొత్తవాళ్ల కోసం రెండు మాటలు. జిప్సీలో ఛాసిస్ (కింది ఇనుప చట్రం) వేరు, బాడీ వేరు. రెండింటి మధ్య రబ్బరు బుష్‌లు, వాటి గుండా బోల్టులు ఉంటాయి. ఆ బుష్‌ల దగ్గర దిమ్మలు పెట్టి బాడీని మాత్రమే పైకి లేపడమే బాడీ లిఫ్ట్. ఇంజిను, గేర్‌బాక్స్, కమాన్ పట్టీలు, యాక్సిల్ ఎక్కడివక్కడే ఉంటాయి. అందువల్ల బండి చూడ్డానికి ఎత్తుగా కనిపించినా, రాయికి తగిలే డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్యలోని గేర్ల డబ్బా) కింద జాగా ఒక్క మిల్లీమీటరు కూడా పెరగదు. పెరిగేది పెద్ద టైరు వేసినప్పుడే. కంపెనీ సైజు 205/70 ఆర్15 టైరు ఎత్తు లెక్క ప్రకారం 668 మి.మీ., 235/75 ఆర్15 ఎత్తు 733 మి.మీ. పైమాటే. తేడాలో సగం, అంటే సుమారు 33 మి.మీ., యాక్సిల్ కింద కలిసొస్తుంది. లిఫ్ట్ చేసే పనల్లా ఆ టైరు తిరగడానికి చోటివ్వడమే. ఇదే టైరు వల్ల స్పీడోమీటరు దాదాపు పది శాతం తక్కువ చూపిస్తుంది. ముల్లు 60 మీద ఉంటే బండి 66లో పోతున్నట్టు లెక్క. ఘాట్ దిగేటప్పుడు ఇది గుర్తుండాలి.

బాడీ లిఫ్ట్‌లో ఒక మంచి గుణం ఉంది, దాన్ని తక్కువ చేయను. కమాన్లు మార్చి ఎత్తు పెంచితే గేర్‌బాక్స్ నుంచి యాక్సిల్‌కి పోయే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం మారి జాయింట్ క్రాసులు త్వరగా అరుగుతాయి, వణుకు మొదలవుతుంది. బాడీ లిఫ్ట్‌తో ఆ బాధ లేదు. ఇంజిను, యాక్సిల్ బరువు కింద ఉన్నచోటే ఉంటుంది కాబట్టి బండి మరీ తలబరువుగా కూడా అనిపించదు. అసలు చిక్కు వేరే చోట ఉంది. బాడీకి ఒక కొస, ఛాసిస్‌కి ఇంకో కొస ఉన్న ప్రతి వస్తువూ సాగుతుంది, వంగుతుంది, లేదా దేనికో తగులుతుంది. అవన్నీ చూడకుండా ఉత్త దిమ్మలు పెట్టి బోల్టులు బిగించేస్తే లిఫ్ట్ పని సగంలో ఆగినట్టే.

నన్ను అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టింది గేరు. బాడీ పైకి పోయింది, గేరు లివరు కిందే ఉండిపోయింది. ఫ్లోర్‌లో లివరు బయటికి వచ్చే కన్నం అంచు ఇప్పుడు లివరుకి అడ్డం. రెండో గేరు వేసినప్పుడు లివరు పూర్తిగా వెనక్కి రాకముందే రేకుకి ఆనుకుంటుంది. చేతికి గేరు పడినట్టే అనిపిస్తుంది, లోపల మాత్రం పళ్లు పూర్తిగా కలవవు. పాడేరు ఘాట్‌లో సెకండ్ గేరు మీద దిగుతుంటే టక్కుమని న్యూట్రల్‌లోకి వచ్చేసింది. ఇంజిను పట్టు పోయి, బరువంతా బ్రేకుల మీద పడింది. ఫోర్ వీల్ లివరుదీ ఇదే కథ: 'ఫోర్ లో'లో (నాలుగు చక్రాలకీ నెమ్మదిగా, ఎక్కువ లాగుడుతో శక్తినిచ్చే గేరు) పెట్టి రాళ్లు ఎక్కుతుంటే కుదుపుకి జారిపోయేది. ఒక షెడ్డులో గేర్‌బాక్స్ విప్పాలన్నారు. గేర్‌బాక్స్‌లో లోపమేమీ లేదు. పైన రబ్బరు బూటు తీసి, ఒక్కో గేరు వేస్తూ లివరుకీ రేకుకీ మధ్య వేలు దూరుతుందేమో చూస్తే విషయం తెలిసిపోయింది. కన్నాన్ని వెనక వైపు, పక్కకి కోయించి, అంచు మడిపించి, పొడవాటి కొత్త బూటు వేయించాను. లివరు పైభాగాన్ని కూడా కాస్త పొడిగించాం. ఆ రోజు నుంచి గేరు జారలేదు. కొందరు లివరుని గ్యాస్‌తో కాల్చి వంచుతారు, కానీ కన్నం కోయకుండా వంచితే ఒక గేరుకి కుదిరింది ఇంకో గేరుకి అడ్డొస్తుంది.

రెండోది వేడి. రేడియేటరు బాడీతో పాటు లేచింది, ఫ్యాన్ ఇంజినుతో పాటు కిందే ఉంది. ఫ్యాన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ కవరు కింది అంచుకి రెక్కలు రాసుకుంటాయి కాబట్టి, పాతవాళ్లు ఆ అంచునే కోసి పారేశారు. చప్పుడు పోయింది గానీ వేడి మొదలైంది. హైవే మీద గాలి దానంతటదే తగులుతుంది, అక్కడ ఏమీ తెలియదు. అనంతగిరి ఎక్కుతూ లారీ వెనక ఫస్టు గేరులో నత్తనడక నడిస్తే టెంపరేచర్ ముల్లు ఎర్రగీత వైపు కదిలేది. కారణం పట్టుకోవడానికి పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. ఇంజిను బాగా వేడెక్కాక, బండి నిలబడి ఉండగా, రేడియేటరు ముందు ఒక న్యూస్‌పేపరు ముక్క పెట్టండి. గాలి లాగుతున్నచోట కాగితం అతుక్కుపోతుంది. నా బండిలో కింది సగంలో అతుక్కుంది, పై సగంలో జారి పడిపోయింది. అంటే ఫ్యాన్ రేడియేటరు పైభాగం నుంచి గాలి లాగడమే లేదు. కవరు కోసిన సందు గుండా ఇంజిను దగ్గరి వేడిగాలినే మళ్లీ తిప్పుతోంది. ఎల్ ఆకారం బ్రాకెట్లు చేయించి, బాడీ ఎంత లేచిందో రేడియేటరుని అంత కిందికి దింపించాను. కోయని కవరు వెతికి పెట్టించాను. కింది హోసు మెలిక పడకుండా చూసుకోవాలి. రేడియేటరు కిందికి వచ్చింది కాబట్టి దాని అడుగున రాళ్ల నుంచి కాపాడే ప్లేటు తప్పనిసరి. కరెంటు ఫ్యాన్ పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. గెడ్డ దాటేటప్పుడు ఆఫ్ చేసుకోవచ్చు, బాగానే ఉంటుంది, కాకపోతే వైరింగ్ శుభ్రంగా చేసేవాడు దొరకాలి.

స్టీరింగ్, బ్రేకుల విషయంలో నాకు రాజీ లేదు. స్టీరింగ్ కాలమ్ బాడీతో లేస్తుంది, స్టీరింగ్ బాక్స్ ఛాసిస్ మీదే ఉంటుంది. మధ్యలో ఉన్న షాఫ్ట్ సాగి, పళ్లు కొసల్లో మాత్రమే పట్టుకుని ఉంటాయి, రబ్బరు కప్లింగ్ వంకరగా తిరిగి చిరుగుతుంది. నా బండిలో ఆ కప్లింగ్ పగుళ్లు వేలితో వంచి చూస్తేనే కనిపించాయి. కొత్త కప్లింగ్, సరైన పొడవు షాఫ్ట్ వేయించాను. రోడ్డు పక్క షెడ్డులో షాఫ్ట్‌ని కోసి ముక్క అతికి వెల్డింగ్ కొడతామంటే దయచేసి ఒప్పుకోవద్దు, ఎంత తక్కువకి చేస్తామన్నా సరే. బ్రేకు మాస్టర్ సిలిండరు బాడీ మీద, పైపులు పోయేది ఛాసిస్ మీదుగా. తీగలా బిగుసుకుపోయిన ఇనుప పైపు కుదుపులకి నట్టు దగ్గర చీలుతుంది. క్లిప్పులు విప్పి వదులు దొరికితే సరే, లేకపోతే చిన్న వంపు తిప్పి కొత్త పైపు వేయించాలి.

మిగతావి చిన్నవే, కానీ వదలకూడదు. పెట్రోలు పోసే రబ్బరు గొట్టం సాగి మడత పడితే బంకులో గన్ ఊరికే కట్ అవుతుంటుంది, బండిలో వాసన వస్తుంది. ఇంకాస్త పొడవు గొట్టం వేస్తే సరి. క్లచ్ కేబులు, హ్యాండ్ బ్రేకు కేబులు దారి మార్చి వదులు చేయాలి. ఎర్త్ తీగ లాక్కుపోయి ఉంటే సెల్ఫ్ సరిగా తిరగదు, దాన్ని పొడవుది వేస్తే చాలు. బంపరుకీ బాడీకీ మధ్య కనిపించే సందు మీద నేను డబ్బు పెట్టలేదు. లాగే హుక్కు మాత్రం ఎప్పుడూ ఛాసిస్‌కే ఉండాలి.

ఇక దిమ్మల సంగతి. పాతవాళ్లు ఇనుప పైపు ముక్కలు కోసి పెట్టారు. విశాఖ ఉప్పుగాలికి, పైపు లోపల నిలిచిన నీటికి అవి తుప్పు పట్టి, బాడీ ఫ్లోరుని కూడా తినేశాయి. బోల్టు పొడవు పెరిగేకొద్దీ బాడీ పక్కకి ఊగే బలం కూడా పెరుగుతుంది. తుప్పు పట్టిన రేకు ఆ ఊపుకి బోల్టు చుట్టూ చిట్లింది. గతుకుల్లో కింద నుంచి వచ్చే కిర్రు చప్పుడు దాని వల్లే. గాజువాక ఆటోనగర్‌లో లేత్ మెషిన్ ఆయన దగ్గరికి పైపు ముక్క పట్టుకెళ్తే, చేతిలోకి తీసుకుని చూసి, "బోలుది వద్దు సార్, గట్టి నైలాన్ రాడ్డు తెచ్చుకోండి, మధ్యలో బోల్టుకి సరిపడా కన్నమే వేస్తాను" అన్నాడు. నిఖార్సయిన సలహా. నైలాన్ తుప్పు పట్టదు, నలగదు, చప్పుడు చేయదు. టింకరింగ్ షెడ్డులో చిట్లినచోట్ల కోసి, 3 మి.మీ. ప్లేట్లు వెల్డింగ్ చేయించి, తుప్పు పట్టకుండా వేసే రెడాక్సైడ్ మీద పెయింటు కొట్టించాను. రబ్బరు బుష్‌లు కొత్తవి, బోల్టులు 8.8 గ్రేడు గట్టి ఉక్కువి.

బాడీ లేపిన ఆ సందర్భంలోనే రెండంగుళాల నుంచి ఒక అంగుళానికి, అంటే 25 మి.మీ.కి దిగాను. స్టీరింగ్ షాఫ్ట్ పళ్లు నిండుగా పట్టాయి. బ్రేకు పైపులు హాయిగా వదులుగా ఉన్నాయి. రేడియేటరు బ్రాకెట్లు సగానికి పొట్టివి చేయించాం. 235 టైరు ముందు చక్రం పూర్తిగా తిప్పి ఒక వైపు రాయి ఎక్కించినప్పుడు మాత్రమే ఫెండరుకి తగిలింది. అక్కడ అంచు కోసి లోపలికి మడిస్తే అదీ పోయింది. రెండంగుళాలతో వెళ్లిన దారులన్నీ ఇప్పుడూ వెళ్తున్నాను, ఒక్కచోట కూడా ఎత్తు చాలలేదనిపించలేదు.

చట్టం సంగతి కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. ఏ పని మొదలుపెట్టే ముందైనా ఆర్టీవో ఆఫీసులోనూ, ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గరా అడిగి తెలుసుకోండి. లిఫ్ట్ ఉన్న పాత బండి కొనేవాళ్లు బేరమాడేలోపే ఆర్సీ చూసుకోవాలి, బండి కింద దూరి దిమ్మలు దేనితో చేశారో చూడాలి, ప్రతి గేరులో లివరు రేకుకి ఆనుతోందేమో చూడాలి.

కొత్తగా దిమ్మలు వేసిన బండికి మొదటి కొన్ని వారాల్లో బోల్టులు ఒకసారి మళ్లీ టైట్ చేయాలి, రబ్బరు కుదురుకుని వదులవుతాయి. ఆ తర్వాత నేను ఏటా వానలు తగ్గాక ఫ్లోర్ మ్యాట్లు తీసి, ప్రతి బోల్టు చుట్టూ రేకుని స్క్రూడ్రైవరుతో పొడిచి చూస్తాను. మెత్తగా దిగితే తుప్పు మొదలైనట్టే, అప్పుడే గీకి పెయింటు కొట్టేస్తే ప్లేటు దాకా పోదు.